దడి మీది తిప్పతీగ

మొన్న సంక్రాంతికి మా మనవడు హైదరాబాదు నుంచి వస్తూ నాకోసమని ఒక సీసా తెచ్చాడు. ఆకుపచ్చ లేబులు, లోపల బురదనీళ్ళ రంగు రసం. "రోజూ పొద్దున్నే ముప్పై ఎమ్మెల్ తాగండి తాతయ్యా, ఇమ్యూనిటీకి మంచిది" అన్నాడు. లేబులు మీద గిలోయ్ జ్యూస్ అని ఉంది. గిలోయ్ అంటే ఏమిట్రా అని అడిగితే, "ఉత్తరాది అడవుల్లో దొరికే మూలికట తాతయ్యా" అన్నాడు. వాణ్ని చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళాను. నూతి పక్కన వేపచెట్టు, దాన్ని చుట్టుకుని పైదాకా పాకిన తీగ. "ఇదేరా నీ గిలోయ్. మనం తిప్పతీగ అంటాం. మీ నాన్న పుట్టకముందు నుంచీ ఈ దొడ్లోనే ఉంది" అన్నాను. వాడు తీగ వంకా సీసా వంకా మార్చి మార్చి చూసి, "మరి ఇది సేఫేనా తాతయ్యా?" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. రాత్రి మంచం మీద దొర్లుతూ ఆలోచిస్తే వాడి ప్రశ్నలో తప్పేమీ కనపళ్ళేదు. మందు తాగేముందు అడగవలసిన ప్రశ్నే అది. వాడు సీసాని అడగకుండా తీగని అడిగాడు, అదీ నా బాధ. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మనిషి బుద్ధి ఎంత వంకరో చూపించడానికి పెద్దలు ఆ మాట అన్నారు. ఇప్పటివాళ్ళు దాన్నే వేదవాక్కు చేసుకుని బతుకుతున్నారు.

మాది కొత్తపేట తాలూకా. గౌతమికీ వసిష్ఠకీ మధ్య, చుట్టూ కాలవలు, కొబ్బరితోటలు. మా రోజుల్లో ఈ ఊళ్ళల్లో ప్రహరీగోడ ఉన్న ఇల్లు వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం. మిగతా ఇళ్ళన్నిటికీ కొబ్బరాకుల దడే. దడికి నిలబెట్టిన కర్రలు పట్టుకుని ఒకపక్క దొండ, ఒకపక్క కాకర, మధ్యలో దూసరతీగ, మూలకి అడ్డసరం, వావిలి, వాటన్నిటి మీదుగా తిప్పతీగ. ఈ పేర్లు మాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. దూసరాకు పిసికి ఆ పసరు నీళ్ళల్లో కలిపి మూకుట్లో పెడితే కాసేపటికి జున్నులా గడ్డకట్టేది. ఆ ఆట ఆడటానికి దూసరాకు ఏదో తెలియాలి కాబట్టి తెలిసింది. నల్లేరు తుంచితే చేతులు దురద పెట్టేవి కాబట్టి నల్లేరు తెలిసింది. అదే నల్లేరు లేత కణుపులు మామ్మ నూనెలో వేయించి పచ్చడి చేస్తే అన్నంలో కలుపుకు తిన్నాం కాబట్టి ఇంకా బాగా తెలిసింది. పదేళ్ళు వచ్చేసరికి ప్రతి పిల్లాడికీ దడి మీద ఉన్న ప్రతి తీగా పేరుపెట్టి తెలుసు.

తిప్పతీగని గుర్తుపట్టడం మా మామ్మ నేర్పింది. ఆకు చూసి మోసపోకురా అనేది. ఆకు రావాకుకి తోక కత్తిరించినట్టు ఉంటుంది, గుండె ఆకారం. అలాంటి ఆకులు ఇంకా చాలా తీగలకుంటాయి. అందుకని కాడ చూడమనేది. బొటనవేలంత లావు ముదిరిన కాడ మీద ఉల్లిపొర లాంటి పల్చటి బెరడు ఉంటుంది. గోటితో గీస్తే పొరలు పొరలుగా లేచి వస్తుంది. దాని కింద లేతాకుపచ్చటి కండ. అడ్డంగా కోస్తే లోపల బండిచక్రానికి ఆకులున్నట్టు గీతలు. కొమ్మ మీంచి సన్నటి దారాల్లా వేళ్ళు కిందికి వేలాడుతుంటాయి, నేల అందేదాకా దిగుతూనే ఉంటాయి. పండితే బఠాణీగింజంత ఎర్రటి పళ్ళు గుత్తులుగా వేస్తుంది. ఒకసారి మా దొడ్లో తీగ ఏటేటా పూస్తున్నా కాయడం లేదేమిటి మామ్మా అంటే, "అది మగతీగరా, ఆడతీగ ఆ పక్కింటి దడి మీద ఉంది" అంది. మగపూలు ఒక తీగకీ ఆడపూలు ఇంకో తీగకీ పూస్తాయని వృక్షశాస్త్రం పుస్తకంలో నేను చదువుకున్నది ఆ తరవాత ఎన్నో ఏళ్ళకి. మా మామ్మకి సంతకం చెయ్యడం కూడా రాదు.

ఇంకో వింత కూడా చూపించింది. జానెడు ముక్క కోసి వసారా చూరుకి తాడుతో వేలాడదీసింది. మట్టి లేదు, నీళ్ళు లేవు. కొన్నాళ్ళకి ఆ ముక్క కణుపు దగ్గర పచ్చటి మొటిమ లేచింది. ఇంకొన్నాళ్ళకి ఆకు విప్పింది. సంస్కృతంలో దీనికి ఛిన్నరుహ అని పేరు. ఛేదించినా మొలిచేది అని అర్థం. గుడూచి, అమృత, మధుపర్ణి ఇవన్నీ దాని పేర్లే. అమృత అని ఎందుకన్నారో భావప్రకాశంలో ఒక కథ ఉంది. రావణవధ అయ్యాక యుద్ధంలో పడిపోయిన వానరులని బతికించడానికి ఇంద్రుడు అమృతం కురిపించాడట. వానరుల ఒంటి మీంచి జారిన చుక్కలు ఎక్కడెక్కడ నేలమీద పడ్డాయో అక్కడల్లా ఈ తీగ మొలిచిందట.

అమృతం కథలు కోనసీమవాడికి వేరే చెప్పాలా? తల్లి దాస్యం తీర్చడానికి అమృతభాండం మోసుకొచ్చిన గరుత్మంతుడి పేరుతో మనకి వైనతేయ అని ఒక నదీపాయే ఉంది. రాజోలు దీవిని అమలాపురం నుంచి విడదీసేది ఆ పాయే. అమృతం పంచిన జగన్మోహిని ర్యాలిలో కొలువై ఉంది, ముందునుంచి కేశవస్వామి, వెనకనుంచి మోహిని, ఒకే శిలలో. బోడసకుర్రు రేవులో పంటి ఎక్కి వైనతేయ దాటుతున్నప్పుడల్లా మా తాతయ్య ఆ గరుత్మంతుడి కథ మొదలుపెట్టేవాడు, అవతలి ఒడ్డు వచ్చేసరికి ముగించేవాడు. అమృతం కథల మధ్య పుట్టిపెరిగినవాళ్ళం, అమృత అనే పేరున్న తీగని దడి మీంచి పీకి పారేస్తున్నాం.

మా ఊళ్ళో అప్పట్లో ఒక వైద్యులుగారుండేవారు. ఊరంతా ఆచారిగారు అనేవాళ్ళం. నాకు పదేళ్ళప్పుడు చలిజ్వరం వచ్చింది. సాయంత్రమయ్యేసరికి పళ్ళు టకటకా కొట్టుకునేవి, మూడు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గేది కాదు. మా నాన్న వెళ్ళి ఆచారిగారిని తీసుకొచ్చాడు. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నారు. తరవాత ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎన్నో రోజు? ఏ వేళకి వస్తోంది? విరేచనం అయిందా? నిన్న ఏం పెట్టారు? మొన్న ఏం పెట్టారు? ఇప్పటిదాకా ఇంకేమైనా మందు పడిందా? నాలుక చూపించు. కళ్ళు చూపించు. కంటి కింది రెప్ప లాగి చూసి, పచ్చగా లేవులే అన్నారు. ఇదంతా అయ్యాకే మందు మాట ఎత్తారు.

"వేప మీద పాకిన తిప్పతీగే కొయ్యండి. లేతది వద్దు, బొటనవేలంత ఉండాలి. బెరడు గీకెయ్యండి" అన్నారు. ఎంత వెయ్యాలో తన అరచేతిలో పెట్టి కొలిచి చూపించారు. దాన్ని కచ్చాపచ్చాగా దంచి, ఒక శొంఠికొమ్ము చితక్కొట్టి వేసి, పదహారింతలు నీళ్ళు పోసి, చిన్నమంట మీద ఎనిమిదోవంతు మిగిలేదాకా కాచమన్నారు. పూటకి ఎంత పట్టాలో గ్లాసు మీద వేలు పెట్టి గీత చూపించారు. జావ, చారన్నం, బీరకాయ, పొట్లకాయ తప్ప ఇంకేదీ పెట్టొద్దన్నారు. లేచి వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి మా నాన్నతో చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మూడోనాటికి దిగకపోతే నాకోసం కాచుకోవద్దు బాబూ. బండి కట్టించి అమలాపురం ఆసుపత్రికి తీసుకుపో. సూదిమందుతో పోయేదాన్ని కషాయంతో ఆపాలని చూడటం పాపం."

నాకు కషాయంతోనే తగ్గింది. తగ్గకపోయుంటే బండి కట్టేవాళ్ళే. వైద్యం అంటే అదీ. మందు తెలియడం ఒక ఎత్తు, మందు ఎక్కడ ఆగిపోతుందో తెలియడం ఇంకో ఎత్తు. ఇవాళ సెల్‌ఫోన్లో వైద్యం చెప్పేవాళ్ళు లక్షమంది ఉన్నారు. తిప్పతీగ సుగరుకి, తిప్పతీగ కీళ్ళకి, తిప్పతీగ జుట్టుకి, తిప్పతీగ సర్వరోగాలకి. గుమ్మంలో ఆగి ఆ రెండోమాట చెప్పేవాడు మాత్రం నాకు ఒక్కడూ కనపడలేదు.

తిప్పసత్తు సంగతి చెప్పాలి. ఎండలు ముదిరాక, వానలు పడకముందే మామ్మ సత్తు తీసేది. ఆ రోజుల్లో తీగలో సారం ఎక్కువుంటుందని ఆవిడ లెక్క. పొద్దున్నే నాన్న నిచ్చెన వేసుకుని ముదురుకాడలు కోసి పడేసేవాడు. పిల్లలమంతా కూర్చుని బెరడు గీకేవాళ్ళం. గోళ్ళ సందుల్లోకి వెళ్ళిన చేదు మర్నాటిదాకా వదిలేది కాదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా చేదే. గీకిన కాడల్ని నాలుగంగుళాల ముక్కలు కోసి రోట్లో వేసి దంచేది. ఆ పిప్పిని మట్టికుండలో నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టేది. తెల్లారి చేతులతో పిసికి పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టి, ఆ నీళ్ళని కదపకుండా వదిలేసేది. ఆ కుండ దగ్గరికి మమ్మల్ని పోనిచ్చేది కాదు. సాయంత్రానికి పైన నీళ్ళు పసుప్పచ్చగా తేలేవి, అడుగున తెల్లటి పిండి పేరుకునేది. పైనీళ్ళు మెల్లగా వంచేసి, మళ్ళీ మంచినీళ్ళు పోసి, మళ్ళీ తేర్చి, అలా మూడునాలుగుసార్లు చేసేది. చివరికి అరిటాకు మీద పలచగా పరిచి నీడపట్టున ఆరబెట్టేది.

గంపెడు తీగ దంచితే వచ్చే సత్తు చిన్న గిన్నెడు కూడా ఉండేది కాదు. ముగ్గుపిండి కంటే తెల్లగా, వేళ్ళ మధ్య నలిపితే జారిపోయేంత మెత్తగా ఉండేది. దాన్ని పింగాణీ జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి, దేవుడిగూట్లో పెట్టేది. ఏడాదంతా ఆ జాడీయే మా ఇంటికి ధైర్యం. ఎవరికైనా ఒళ్ళు మంటలని, జ్వరం తగ్గాక నీరసమని వస్తే చిటికెడు తేనెలో రంగరించి ఇచ్చేది. చిటికెడంటే చిటికెడే. ఇంకొంచెం ఇవ్వు మామ్మగారూ అంటే, "మందు అన్నమా అమ్మా, కడుపునిండా పెట్టడానికి" అనేది. ఇప్పుడు అంగళ్ళలో తిప్పసత్తు అని అమ్మేది వేళ్ళ మధ్య నలిపి చూశాను. గరగరలాడింది. నాలుక మీద వేసుకుంటే చేదూ లేదు, చలవా లేదు. అది ఏ పిండో కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

అన్నీ ఇళ్ళల్లోనే చేసుకునేవాళ్ళమని నేననడం లేదు. అరిష్టాలు, ఆసవాలు, లేహ్యాలు ఇంట్లో అయ్యే పనులు కావు. వాటికి ఆలమూరు మండలం చింతలూరు ఉండనే ఉంది. వెంకటేశ్వర ఆయుర్వేద నిలయం మందు లేని ఇల్లు గోదావరి జిల్లాల్లో మా చిన్నప్పుడు అరుదు. అమృతారిష్టం సీసా కొనుక్కొచ్చినప్పుడు తాతయ్య లేబులు చదివి, "ఇందులో అమృత అంటే మన తిప్పతీగే, దశమూలాలు కలిపి, బెల్లం వేసి పులియబెడతారు" అని మాకు చెప్పేవాడు. సీసా కొన్నా లోపల ఏముందో తెలిసి కొనేవాళ్ళం. దడి మీద తీగకీ సీసాలో మందుకీ మధ్య దారి మాకు కనపడుతూ ఉండేది. మా మనవడికి ఆ దారి తెగిపోయింది. నా కోపం వాడి మీద కాదు. తెగ్గొట్టింది మా తరమే. వాడికి మేం చెప్పలేదు.

ఎప్పుడు తెగిందో కూడా నాకు గుర్తుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను. ఆ రాత్రి కోనసీమ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఎంత చెప్పినా సరిపోదు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు మొదళ్ళతో సహా పెరుక్కుని వరసగా పడుకుని ఉన్నాయి, మొండాలు మిగిలినచోట తలలు లేవు. వెయ్యిమందికి పైగా పోయారు. మా ఊళ్ళో దడి అన్నది ఒక్కటి మిగల్లేదు. మా నూతి పక్కన వేపచెట్టు, మా తాతయ్య నాటింది, నూతి మీదికే ఒరిగిపోయింది. దాంతోపాటు తిప్పతీగ కూడా. వేపని నరికించి కట్టెలు చేయించాం. తీగని ఎవరూ పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి ఆ కట్టెలమోపు మీంచే చిగుళ్ళు వచ్చాయి. ఎండిపోయాయనుకున్న ముక్కలు. ఛిన్నరుహ. అందులో ఒకటి తెచ్చి, కొత్తగా నాటిన వేపమొక్క పక్కన గుచ్చాను. మనవడికి చూపించింది ఆ తీగే.

తుపాను తరవాత డబ్బొచ్చినవాళ్ళు దళ్ళు మళ్ళీ కట్టలేదు, గోడలు కట్టారు. గాలికి పడిపోదని, దొంగ దూరడని. వాళ్ళని తప్పుపట్టలేను, ఆ రాత్రి చూసినవాడెవడైనా గోడే కడతాడు. కానీ సిమెంటు గోడకి తీగ పాకితే మరక పడుతుందని పీకేస్తారు. దొడ్డిలో నేలంతా గచ్చు చేసేస్తారు, ఆకు రాలితే చెత్త అంటారు. తోటల్లో గడ్డి మందు కొట్టేస్తారు, కలుపుతోపాటు గట్టు మీద ఉన్న మూలికలన్నీ మాడిపోతాయి. సముద్రం వైపు మండలాల్లో వరిచేలు తవ్వి రొయ్యలచెరువులు చేశాక ఆ గట్ల మీద ఉప్పునీటి దెబ్బకి గడ్డే బతకడం లేదు. అదే తోటలో కొబ్బరిచెట్టుకి మిరియాలతీగ పాకిస్తే దానికి నీళ్ళు పెడతారు, ఎరువు వేస్తారు. ధర ఉంది కాబట్టి అది పంట. ధర లేదు కాబట్టి తిప్పతీగ కలుపు. ఈ లెక్క నాకు మింగుడుపడదు.

ధర లేకపోవడం కూడా కొన్నాళ్ళే. కరోనా వచ్చింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020 అక్టోబరులో ఇచ్చిన చికిత్సా విధానంలో గుడూచి పేరు చేర్చింది. అంతే, అప్పటిదాకా తీగ మొహం చూడనివాళ్ళంతా కత్తులు పట్టుకుని బయల్దేరారు. ఆదివారమొస్తే మా ఊరి చెరువుగట్టు మీద కారులాగి, కనపడ్డ తీగ కనపడ్డట్టు కోసుకుపోయారు. మొదలుతో పీకినవాళ్ళూ ఉన్నారు. అది తిప్పతీగేనా అని ఒక్కడైనా గోటితో గీకి చూసిన పాపాన పోలేదు.

వరసకి నాకు తమ్ముడయ్యే ఒకాయన ఆ రోజుల్లోనే ఎవరో తెచ్చిచ్చిన తీగ ముక్క గోలెంలో నాటుకున్నాడు. పెరిగాక రోజూ పరగడుపున గ్లాసెడు రసం, మానకుండా నాలుగు నెలలు. సుగరు బిళ్ళలు ఎటూ వేసుకుంటున్నాడు. ఒకనాడు కళ్ళు పచ్చబడ్డాయి. ఆకలి చచ్చిపోయింది. ఆసుపత్రిలో పెడితే కాలేయం దెబ్బతిందన్నారు. అక్కడి డాక్టరుగారు అన్నీ అడిగి, ఆ రసం మానిపించారు. మెల్లమెల్లగా కోలుకున్నాడు, దేవుడి దయ. నేను చూడ్డానికి వెళ్ళి, ఆ గోలెం దగ్గర నిలబడి కాడ పట్టుకుంటే చేతికి గరుకుగా బుడిపెలు తగిలాయి. కాడ పొడుగునా పులిపిర్లలా బుడిపెలు. ఉల్లిపొర బెరడు లేదు. మామ్మ చూపించిన తీగ అది కాదు. అలాంటిది ఒకటుంది, తిప్పతీగకి దాయాది, ఆకు అచ్చు అలాగే ఉంటుంది, టినోస్పోరా క్రిస్పా అంటారు. మన తిప్పతీగ టినోస్పోరా కార్డిఫోలియా. ఆకు చూసి మోసపోకురా అని మామ్మ అన్నది ఇందుకే.

ఆ ఇంట్లో జరిగిందే దేశంలోనూ జరిగింది. 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా తమ దగ్గరికి కాలేయం దెబ్బతిని వచ్చిన ఆరుగురు గిలోయ్ వాడినవాళ్ళేనని ముంబై వైద్యులు 2021లో రాశారు. మరుసటి ఏడు 13 కేంద్రాల వైద్యులు కలిసి అలాంటివాళ్ళు 43 మంది లెక్క చెప్పారు. కొందరిలో ఒంట్లో అప్పటికే దాగి ఉన్న ఆటోఇమ్యూన్ జబ్బుని ఇది రేపిందన్నారు. ఆయుష్ శాఖవాళ్ళు, ఆ రోగులు తాగింది అసలు గుడూచేనా, దాన్ని పోలిన ఇంకో తీగా అన్నది తేల్చకుండా గుడూచి మీద నింద వెయ్యకూడదన్నారు. పత్రికల్లో రెండుపక్షాలూ చాలా వాదించుకున్నాయి. నాకు ఆ వాదనలో వినపడినవి ఆచారిగారి ప్రశ్నలే. ఏ తీగ? ఎవరికి? ఎంత? ఎన్నాళ్ళు? ఇంకేం మందు పడుతోంది? మా ఊళ్ళో మట్టి అరుగు మీద కూర్చుని ఒక మనిషి మందు ఇచ్చేముందే అడిగిన ప్రశ్నలు, ఇవాళ రోగి ఆసుపత్రి మంచం ఎక్కాక అడుగుతున్నారు.

మా రోజులు స్వర్గమని నేననను. జ్వరాలకి పిల్లలు పోయిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. మా ఇంట్లో కూడా ఒక చెల్లెలు పోయింది, కషాయాలు పట్టలేదు, సూదిమందు సమయానికి అందలేదు. ఇవాళ రక్తం తీసి ఏ జ్వరమో గంటల్లో చెబుతున్నారు. అది వదులుకుని దడి మీద ఆకు నమలమంటే నా అంత పాపాత్ముడు ఉండడు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నవాణ్ని తిప్పతీగ కషాయంతో ఇంట్లో కూర్చోబెట్టేవాణ్ని చూస్తే నాకు కోపమే వస్తుంది. కడుపుతో ఉన్న పిల్లకి, సుగరు బిళ్ళ మింగే మనిషికి, కాలేయం జబ్బున్నవాడికి అడగకుండా ఇచ్చేవాణ్ని చూసినా అంతే. ఆయుర్వేదం చదివినవాళ్ళు మనకి లేకపోలేదు. విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల నుంచి ఏటా పిల్లలు చదువుకుని బయటికొస్తున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి నాడి చూపించుకుని తాగండి. సెల్‌ఫోన్లో వీడియో చూసి తాగొద్దు.

నేను అడిగేది ఇంకొకటి. మందుగా వాడినా వాడకపోయినా, తీగని గుర్తుపట్టడం పిల్లలకి నేర్పండి. మన ఊరి పిల్లాడికి గోదావరిలో ఈత రావాలని ఎలా అనుకుంటామో ఇదీ అలాగే. గుర్తుపట్టగలిగినవాడు బుడిపెల తీగ తాగడు. సీసా మీద ఏం రాసినా తల ఊపడు. చేతికి తెలిసినదాన్ని మోసం చెయ్యడం కష్టం. మా తరం పిల్లలకి ఇంగ్లీషు చదువు చెప్పించాం, అమెరికా పంపించాం, దొడ్లోకి మాత్రం తీసుకెళ్ళలేదు. వెళ్తే మట్టి అంటుతుందన్నాం, పురుగు కుడుతుందన్నాం. ఇప్పుడు వాళ్ళ పిల్లలు మన దొడ్లోకొచ్చి ఇది సేఫేనా అని అడుగుతుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

పండగ వెళ్ళిన నాలుగోరోజు, పక్క తోటవాళ్ళు గడ్డి మందు కొట్టించడానికి మనిషిని పెట్టారు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, వీపుకి డబ్బా తగిలించుకుని గట్టు వెంబడి కొట్టుకుంటూ మా హద్దు దాకా వచ్చాడు. అక్కడ కొంతమేర ఇప్పటికీ దడే ఉంచాను నేను. వేప మీంచి దిగిన తీగ ఆ దడి మీదే ఆనుకుని ఉంటుంది. వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను. "ఈ బారెడూ వదిలెయ్యి నాయనా, దీని మీద చుక్క పడితే చచ్చిపోతుంది" అన్నాను. ఆ అబ్బాయి గొట్టం దించి, "ఏం తీగండీ తాతగారూ ఇది?" అన్నాడు. మా మనవడు కూడా అక్కడే ఉన్నాడు. కాడ వంచి గోటితో గీకి, పొర లేపి, కింద పచ్చదనం ఇద్దరికీ చూపించాను. ఆ అబ్బాయి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, కాడ ముట్టుకుని, వాసన చూశాడు. "ఆయ్, ఇది మా అమ్మమ్మ జొరానికి కాచి ఇచ్చేదండి. పేరు మర్చిపోయాను. తిప్పతీగ కదండీ" అన్నాడు.

ఇంట్లో తల్లికి నాల్రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంటోందట. జానెడు ముక్క ఇప్పించమన్నాడు. కోసి చేతిలో పెట్టాను. తీసుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. డబ్బా బరువు భుజం మార్చుకుని నిలబడి, "ఎంత వెయ్యాలండీ?" అన్నాడు.

ఆ మాట ఒక మనిషి నోట విని ఎన్నేళ్ళయిందో. కోసుకుపోయినవాళ్ళు చాలామందిని చూశాను, ఎంత అని అడిగినవాడు ఈ అబ్బాయే. అతన్ని వేపనీడలోకి తీసుకొచ్చి, డబ్బా దింపించి, కూర్చోబెట్టాను. "వెయ్యడం సంగతి తరవాత. ముందు చెప్పు, అమ్మకి ఎన్నో రోజు? ఏ వేళకి వస్తోంది? ఏం తింటోంది? బీపీ, సుగరు బిళ్ళలేమైనా వేసుకుంటోందా? రక్తం తీయించారా?" అన్నాను. రక్తం ఇంకా తీయించలేదన్నాడు. అయితే ముందు ఆ పని చెయ్యమని, ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళమని, ఏ జ్వరమో తేలాక వైద్యుణ్ణి అడిగి కాచి ఇమ్మని, అప్పటిదాకా ఆ ముక్కని చూరుకి వేలాడదియ్యమని చెప్పాను.

"ఎండిపోదాండీ?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే మా మనవడు అందుకున్నాడు. "ఎండదండి, చిగురేస్తుంది" అన్నాడు.